జర్మన్‌లో తికమకపెట్టే పదాలు: తెలుగు వాక్యం సాయంతో విడదీసుకోవచ్చా?

కృష్ణాతీరం:

సభ్యులందరికీ నమస్కారం. నేను నర్సింగ్ పూర్తి చేసి, జర్మనీలో ఉద్యోగం కోసం బీ2 స్థాయి జర్మన్ నేర్చుకుంటున్నాను. విభక్తులు, లింగాలు కష్టమైనా అభ్యాసంతో దారికి వస్తున్నాయి కానీ, ఒకే అర్థం ఉన్నట్టు కనిపించే మాటల దగ్గర మాత్రం ప్రతిసారీ ఆగిపోతున్నాను. మా తరగతిలో ప్రతి జర్మన్ మాట పక్కనా ఇంగ్లీషు అర్థం రాసుకుంటాం. ‘కెనెన్’, ‘విసెన్’ అనే రెండు క్రియలకూ ఇంగ్లీషులో ‘నో’ (తెలుసు) అనే ఒకే మాట వస్తోంది. ‘వెన్’, ‘ఒప్’ అనే రెండింటికీ ‘ఇఫ్’ అనే వస్తోంది. పైగా జర్మన్ ‘వెన్’ ఇంగ్లీషు ‘వెన్’తో కలిసిపోతోంది, అక్కడికి ‘అల్స్’, ‘వన్’ కూడా వచ్చి చేరుతున్నాయి. ఈ మాటలను వేరుచేసి గుర్తుపట్టడానికి మన భాషలోనే ఏదైనా ఆధారం ఉందా? అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

పలకాబలపం:

కృష్ణాతీరం గారూ, నేను చాలాకాలంగా హైదరాబాదులో జర్మన్ బోధిస్తున్నాను. మీరు అడిగినది మా తరగతుల్లో తరచుగా వచ్చే ప్రశ్నే. నా అభిప్రాయం సూటిగా చెబుతాను: మీరు చెప్పిన చిక్కుల్లో చాలావరకు జర్మన్ వల్ల వచ్చినవి కావు, మధ్యలో నిలబెట్టుకున్న ఇంగ్లీషు వల్ల వచ్చినవి. ఆ మధ్యవర్తిని తీసేసి జర్మన్ వాక్యాన్ని నేరుగా తెలుగు వాక్యం పక్కన పెడితే, మన ప్రత్యయాలే తేడాను చూపిస్తాయి. జర్మన్ మాటలను ఉచ్చారణకు వీలైనంత దగ్గరగా తెలుగు లిపిలో రాస్తున్నాను.

ముందుగా ‘ఒప్’, ‘వెన్’ చూడండి. ‘వర్షం వస్తే నేను రాను’ అన్నప్పుడు ‘-తే’ ఉంది, కాబట్టి అక్కడ ‘వెన్’ రావాలి. ‘వర్షం వస్తుందో లేదో తెలియదు’ అన్నప్పుడు ‘-ఓ లేదో’ ఉంది, కాబట్టి ‘ఒప్’ రావాలి. ఇంగ్లీషు ఈ రెండింటినీ ఒకే మాటతో సరిపెట్టుకుంటుంది కానీ తెలుగు ఎన్నడూ కలపదు. ‘ఆయన వచ్చారా అని అడిగాను’ అనే వాక్యంలో కూడా ‘ఒప్’ వస్తుంది. సాధారణంగా ‘అని’ ఉన్నచోట రెండు ‘ఎస్’లతో రాసే ‘డస్’ వాడాలి. అయితే ‘అని’కి ముందు ‘వచ్చారా’, ‘తిన్నారా’ వంటి ప్రశ్న ఉంటే ఆ చోటు ‘ఒప్’ది. అక్కడ ‘ఎప్పుడు వస్తారు అని’ వంటి ప్రశ్న ఉంటే ఆ ప్రశ్నపదమే, అంటే ‘వన్’, నిలుస్తుంది. ‘రైలు ఎప్పుడు వస్తుందో తెలియదు’ అనే వాక్యానికి ‘ఇహ్ వైస్ నిహ్ట్, వన్ డేర్ త్సూక్ కొమ్ట్’ అంటారు. ఇక్కడ ‘వెన్’ వాడితే తప్పు.

‘అల్స్’, ‘వెన్’ల సంగతి కొంచెం లోతైనది. గతంలో ఒకేసారి జరిగినదానికి, లేదా ఒకే కాలఖండానికి, ‘అల్స్’ వాడతారు. ‘నేను చిన్నగా ఉన్నప్పుడు’ అన్న మాటకు ‘అల్స్ ఇహ్ క్లైన్ వార్’ అంటారు. బాల్యం ఏళ్ళ తరబడి సాగినా అది ఒక్కటే కాబట్టి అక్కడ ‘అల్స్’ వస్తుంది. గతంలోనే అయినా పదేపదే జరిగినదానికి ‘వెన్’ వాడాలి. ‘అమ్మమ్మగారింటికి వెళ్ళినప్పుడల్లా’ అనేటప్పుడు ఆ ‘అల్లా’ మీకు గుర్తు కావాలి. జర్మన్‌లో ‘ఇమర్ వెన్’ అంటారు. ‘మీరు వచ్చినప్పుడు ఇస్తాను’ అనే భవిష్యత్తుకు కూడా ‘వెన్’ తప్ప మరొకటి లేదు. అంటే ‘-నప్పుడు’ కనబడగానే ఆగి, వాక్యం చివర ఉన్న క్రియ ఏ కాలంలో ఉందో చూడాలన్నమాట.

ఇక ‘కెనెన్’, ‘విసెన్’, ‘క్యోనెన్’. తెలుగులో ‘ఆయన నాకు తెలుసు’ అంటాం, ‘ఆయన ఎక్కడ ఉంటారో నాకు తెలుసు’ అని కూడా అంటాం. రెండుచోట్లా ‘తెలుసు’ ఒకటే, నిజమే. కానీ ‘తెలుసు’కు ముందు ఏముందో చూడండి. మనిషో, ఊరో, పుస్తకమో ఉంటే ‘కెనెన్’. ‘ఎక్కడ ఉంటారో’, ‘వస్తారని’ అంటూ ఒక వాక్యమే ఉంటే ‘విసెన్’. ఒక విషయం గురించి ‘అది నాకు తెలుసు’ అన్నప్పుడు మాత్రం, చూడటానికి నామంలా ఉన్నా, ‘డస్ వైస్ ఇహ్’ అంటారు. జవాబు, చిరునామా వంటి వాటికి రెండు క్రియలూ వినిపిస్తాయి కాబట్టి అక్కడ బెంగ పెట్టుకోనక్కరలేదు. మూడోది మనకు వరంలాంటిది. ‘నాకు జర్మన్ వచ్చు’ అంటే ‘ఇహ్ కన్ డాయ్‌చ్’ అనే. భాష వచ్చు, ఈత వచ్చు, లోపలికి రావచ్చు, వర్షం పడవచ్చు అంటూ మన ‘వచ్చు’ ఎన్ని పనులు చేస్తుందో, సామర్థ్యానికీ అనుమతికీ అవకాశానికీ ‘క్యోనెన్’ కూడా దాదాపు అన్ని పనులూ చేస్తుంది.

నెకార్ ఒడ్డు:

పంతులుగారితో నేను ఏకీభవిస్తున్నాను. స్టుట్‌గార్ట్‌లో ఇంజనీరుగా పనిచేస్తున్నాను. ఇక్కడి సహోద్యోగులతో మాట్లాడేటప్పుడు నాకు ఎక్కువగా అక్కరకు వచ్చినవి చిన్న మాటలు.

‘నూర్’, ‘ఏర్స్ట్’ రెండింటికీ ఇంగ్లీషులో ‘ఓన్లీ’ అని ఒకే అర్థం చెబుతారు. ‘డాక్టరుగారు రేపు గానీ రారు’ అనే మన వాక్యాన్ని గుర్తుచేసుకుంటే ‘ఏర్స్ట్’ పూర్తిగా అర్థమవుతుంది: ‘డేర్ ఆర్ట్‌స్ట్ కొమ్ట్ ఏర్స్ట్ మొర్గెన్’. అదే ‘నూర్ మొర్గెన్’ అంటే ఆయన రేపు ఒక్కరోజే వస్తారు, ఎల్లుండి ఉండరు అని. అపాయింట్‌మెంట్ తీసుకునే చోట ఈ తేడా పొరబాటయితే మొత్తం రోజు వృథా అవుతుంది. ‘ఇంకా ఎనిమిదే అయింది’ అనేటప్పుడూ ‘ఏర్స్ట్’ వస్తుంది. సమయం ఇంకా ముందుకు సాగుతుందన్న భావం దానిలో ఉంటుంది, ‘నూర్’లో ఉండదు.

‘నొఖ్’ అనే మాట మన ‘ఇంకా’కు అచ్చంగా సరిపోతుంది. ఆయన ఇంకా ఇక్కడే ఉన్నారన్నా, ఇంకో కాఫీ ఇవ్వండన్నా జర్మన్‌లో ‘నొఖ్’ వస్తుంది. ఇంగ్లీషులో ఈ రెండూ వేరువేరు మాటలు. ‘ఇంకా రాలేదు’ అంటే ‘నొఖ్ నిహ్ట్’, ‘ఇక రారు’ అంటే ‘నిహ్ట్ మేర్’. ‘ఇంకా’, ‘ఇక’ అనే ఈ రెండింటి మధ్య మనం ఎన్నడూ తడబడం కాబట్టి అక్కడ కూడా తడబడనక్కరలేదు.

‘జైట్’, ‘ఫోర్’ కూడా ఇలాంటివే. ‘రెండేళ్ళుగా ఇక్కడ ఉంటున్నాను’ అనే వాక్యంలో మన క్రియ వర్తమానంలోనే ఉంది, జర్మన్‌లోనూ అంతే: ‘ఇహ్ వోనె జైట్ త్స్వై యారెన్ హీర్’. ఇంగ్లీషు అలవాటుతో ఇక్కడ భూతకాలపు క్రియ వాడేవారిని చాలామందిని చూశాను. ‘రెండేళ్ళ క్రితం వచ్చాను’ అంటే ‘ఫోర్ త్స్వై యారెన్’.

ఎర్రమందారం:

చెల్లీ కృష్ణాతీరం, నేను జర్మనీలో ఒక ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తున్నాను. పుస్తకంలో లేని సంగతులు కొన్ని నీకు తప్పకుండా చెప్పాలి.

మొదటిది ‘యూబర్‌గేబెన్’. డ్యూటీ మారేటప్పుడు రోగుల పరిస్థితిని తరువాతి బృందానికి వివరించి అప్పగించడాన్ని ‘యూబర్‌గాబె’ అంటారు. ప్రతి షిఫ్టులోనూ ఆ మాట వింటావు. దానికి క్రియ ‘యూబర్‌గేబెన్’. కానీ దానికి ‘జిహ్’ (‘తనను తాను’ అనే మాట, ‘నేను’ విషయంలో అది ‘మిహ్’ లేదా ‘మీర్’ అవుతుంది) చేరితే అర్థం వాంతి చేసుకోవడం. ‘డేర్ పాట్సియెంట్ హట్ జిహ్ యూబర్‌గేబెన్’ అంటే రోగి వాంతి చేసుకున్నారని. ‘నేను అప్పగించాను’ అని చెప్పబోయి మధ్యలో ‘మిహ్’ చేర్చావంటే, నేను వాంతి చేసుకున్నానని చెప్పినట్టు అవుతుంది. నొక్కిపలికే చోటూ భూతరూపమూ రెండింటికీ ఒకటే కాబట్టి, ఆ చిన్న మాట ఒక్కటే తేడా చూపిస్తుంది.

ఈ ‘జిహ్’ను మన ‘-కొను’తో పోల్చి చూస్తే చాలాచోట్ల దారి దొరుకుతుంది. రోగి చేతులు నేను కడుగుతాను, నా చేతులు నేను కడుక్కుంటాను. మొదటిది ‘ఇహ్ వషె డేమ్ పాట్సియెంటెన్ డీ హెండె’, రెండోది ‘ఇహ్ వషె మీర్ డీ హెండె’. ‘ఇల్లు మారాను’ అంటే ‘ఇహ్ బిన్ ఉమ్‌గెత్సోగెన్’, ‘బట్టలు మార్చుకున్నాను’ అంటే ‘ఇహ్ హాబె మిహ్ ఉమ్‌గెత్సోగెన్’. క్రియ ఒకటే, మనం ‘-కొను’ చేర్చిన చోట వాళ్ళు ‘మిహ్’ చేర్చారు. అయితే ఈ సూత్రాన్ని గుడ్డిగా నమ్మవద్దు. ‘నేర్చుకొను’లో ‘-కొను’ ఉన్నా ‘లెర్నెన్’కు ‘జిహ్’ రాదు. ‘సంతోషించు’లో ‘-కొను’ లేకపోయినా ‘జిహ్ ఫ్రాయెన్’ అనాలి.

రెండోది ఇంకా ముఖ్యమైనది, ఎందుకంటే రోగి భద్రతకు సంబంధించినది. ‘ఆయన భోజనం చేయలేదా?’ అని డాక్టరు అడిగారనుకో. చేయకపోతే మనం తెలుగులో ‘అవునండీ, చేయలేదు’ అంటాం. అదే అలవాటుతో ‘యా’ (అవును) అని ఊరుకుంటే, తిన్నారని అర్థమో తినలేదని అర్థమో డాక్టరుకు తెలియదు. జర్మన్‌లో తినకపోతే ‘నైన్’ (కాదు) అనాలి. తింటే ‘డొఖ్’ అనాలి. వ్యతిరేకార్థంలో అడిగిన ప్రశ్నను ఖండించడానికే ఉన్న మాట ‘డొఖ్’. అది ‘యా’ స్థానంలో రావాలి, ‘యా’ దాని స్థానంలో రాకూడదు. అలాగే ‘నొప్పి లేదా?’ అని నువ్వు రోగిని అడిగినప్పుడు ‘నైన్’ అంటే నొప్పి లేదని, ‘డొఖ్’ అంటే ఉందని. మా వార్డులో కొత్తగా చేరిన మన పిల్లలకు నేను ముందు ఇదే చెబుతాను: ఒంటి మాటతో జవాబు చెప్పి ఆగవద్దు, ‘నైన్, ఎయర్ హట్ నిహ్ట్స్ గెగెసెన్’ అని వాక్యం పూర్తి చెయ్యి. ఇంజక్షను ఇవ్వాలా వద్దా అన్నది ఆ జవాబు మీద ఆధారపడి ఉండవచ్చు.

మూడోది చిన్నదే. ‘అప్‌నేమెన్’ అంటే బరువు తగ్గడం, ‘బ్లూట్ అప్‌నేమెన్’ అంటే పరీక్షకు రక్తం తీయడం. ‘ఫెర్‌బిండెన్’ అంటే గాయానికి కట్టు కట్టడం, ఫోను లైను కలపడం కూడా అదే. పక్కన ఏ మాట ఉందో చూస్తే సరిపోతుంది.

మౌనవీధి:

చర్చ చాలా ఉపయోగకరంగా ఉంది. అయినా తెలుగు అన్ని తలుపులూ తెరుస్తుందన్న అభిప్రాయం కలగకుండా రెండోవైపు కూడా చెప్పాలనిపిస్తోంది. లైప్‌జిగ్‌లో చదువుతున్నాను, భాషాశాస్త్రం నా విషయం. ఇంగ్లీషు కలిపేసిన వాటిని తెలుగు విడదీసినట్టే, జర్మన్ విడదీసిన వాటిని తెలుగు కలిపేసే సందర్భాలూ తక్కువేమీ కావు.

‘గంట’ తీసుకోండి. ‘రెండు గంటలకు వస్తాను’, ‘రెండు గంటలు ఆగాను’ అనే రెండు వాక్యాల్లోనూ మనకు గంటే ఉంది. జర్మన్‌లో గడియారం చూపే వేళకు ‘ఊర్’, కాలపరిమితికి ‘ష్టుండె’. పైగా ‘హల్ప్ డ్రై’ అంటే మూడున్నర కాదు, రెండున్నర. మూడో గంటలో సగం గడిచిందన్న లెక్క అది. తూర్పు జర్మనీలో, దక్షిణాన కొన్నిచోట్ల, ‘ఫియర్టెల్ డ్రై’ అని కూడా వింటారు. దానర్థం రెండుంపావు. మన ‘మూడుంపావు’ అలవాటుతో వినేవారు గంట ఆలస్యంగా చేరుకుంటారు.

‘చదువు’ ఇంకొకటి. పత్రిక చదవడం ‘లేజెన్’, పరీక్షకు కూర్చుని చదవడం ‘లెర్నెన్’, విశ్వవిద్యాలయంలో చదవడం ‘ష్టుడీరెన్’. ‘మా తమ్ముడు పదో తరగతి చదువుతున్నాడు’ అనడానికి ‘ష్టుడీరెన్’ వాడితే విన్నవారికి వింతగా ఉంటుంది. బడిపిల్లలు చేసేది ‘ష్టుడీరెన్’ కాదు.

‘మార్చు’ కూడా అంతే. రైలు మారడం ‘ఉమ్‌ష్టైగెన్’, మాత్ర మోతాదు మార్చడం ‘ఎండర్న్’, కట్టు మార్చడం ‘వెక్సెల్న్’, ఒకరి డ్యూటీ ఇంకొకరు మార్చుకోవడం ‘టవుషెన్’. ఇల్లు, బట్టల సంగతి ఎర్రమందారం గారు ఇప్పటికే చెప్పారు.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ‘మీరు’. అధికారిని ‘మీరు’ అంటాం, ఇద్దరు చిన్నపిల్లలనూ కలిపి ‘మీరు’ అంటాం. జర్మన్‌లో మొదటిది ‘జీ’, రెండోది ‘ఈయర్’. మనవారు స్నేహితుల గుంపును కూడా ‘జీ’ అని పిలవడం నేను తరచుగా వింటాను. అది మర్యాదగా కాక, దూరం పాటిస్తున్నట్టు వినిపిస్తుంది. అందుకే ఒంటరి మాటలను కాక, పూర్తి వాక్యాలను, ఎవరు ఎవరితో ఎక్కడ అంటారో చూసి నేర్చుకోవడమే మేలని నా అభిప్రాయం.

పలకాబలపం:

మౌనవీధి గారు చెప్పిన ఉదాహరణలన్నీ సరైనవే. పూర్తి వాక్యాలను నేర్చుకోవాలన్న మాటతో నాకు పేచీ లేదు. నేను పెట్టమన్నది కూడా తెలుగు మాటను జర్మన్ మాట పక్కన కాదు, తెలుగు వాక్యాన్ని జర్మన్ వాక్యం పక్కన. ‘రెండు గంటలకు’లోని ‘-కు’ ఉంటే ‘ఊర్’, అది లేకుండా ‘రెండు గంటలు’ అని ఉంటే ‘ష్టుండె’. గంట ఒకటే అయినా విభక్తి మనకు దారి చూపుతోంది.

మంచి ఉదాహరణ ఒకటి మిగిలిపోయింది. ‘లీగెన్’, ‘లేగెన్’; ‘ష్టేయెన్’, ‘ష్టెలెన్’; ‘జిట్సెన్’, ‘జెట్సెన్’ అనే మూడు జంటలు జర్మన్ నేర్చుకునే ప్రతివారినీ వేధిస్తాయి. మన దగ్గర పడుకొని ఉండటం, పడుకోబెట్టడం, నిలబడటం, నిలబెట్టడం, కూర్చోవడం, కూర్చోబెట్టడం ఉన్నాయి. ‘-పెట్టు’, ‘-బెట్టు’ ఉన్నచోట వాళ్ళకు ‘లేగెన్’, ‘ష్టెలెన్’, ‘జెట్సెన్’ వస్తాయి. వీటి భూతరూపాలు క్రమంగా ఉంటాయి: ‘లేగ్టె’, ‘ష్టెల్టె’, ‘జెట్స్టె’. తమంతట తాము ఉండటాన్ని చెప్పేవాటికి మాత్రం అచ్చు మారిపోయి ‘లాగ్’, ‘ష్టంట్’, ‘జాస్’ అవుతాయి.

తేడా వచ్చేది వస్తువుల దగ్గర. మనకు బల్ల మీద ఏదైనా ‘ఉంది’, అంతే. వాళ్ళకు ఉత్తరం పడుకొని ఉంటుంది, సీసా నిలబడి ఉంటుంది, పళ్ళెం కూడా నిలబడే ఉంటుంది, చాకు పడుకొని ఉంటుంది. పళ్ళెం ఎందుకు నిలబడుతుందని విద్యార్థులు అడుగుతారు. అడుగుభాగం మీద ఆనేలా తయారైన వస్తువు ఆ అడుగు మీద ఉంటే నిలబడినట్టే లెక్క. పత్రికలో ఒక వార్త ఉన్నా అది ‘నిలబడి’ ఉంటుంది: ‘ఎస్ ష్టేట్ ఇన్ డేర్ త్సైటుంగ్’.

ఇక్కడ తెలుగు సాయపడని చోటు కూడా ఒకటుంది. ‘బల్ల మీద పెట్టాను’, ‘బల్ల మీద ఉంది’ రెండింటికీ మనకు ‘మీద’ ఒక్కటే. జర్మన్‌లో పెట్టేటప్పుడు ‘అవుఫ్ డేన్ టిష్’, ఉన్నప్పుడు ‘అవుఫ్ డేమ్ టిష్’. అందుకే క్రియను, విభక్తిని కలిపి ఒకే ముక్కగా కంఠస్థం చేయిస్తాను.

ఎర్రమందారం:

పంతులుగారూ, ‘లేగెన్’ మా పనిలో రోజూ వినబడుతుంది. క్యాథెటర్ వేయడానికి ‘ఐనెన్ కటేటర్ లేగెన్’ అంటారు. అది వేసి ఉందని చెప్పడానికి ‘డేర్ కటేటర్ లీక్ట్’ అంటారు. సెలైన్ కోసం నరానికి సూది పెట్టి దారి ఏర్పరచడం ‘ఐనెన్ త్సూగంగ్ లేగెన్’. మన ఆసుపత్రుల్లోనూ ‘క్యాథెటర్ వేశారు’ అంటాం కాబట్టి ఇది చెవికి తేలికగానే పట్టుబడుతుంది.

కృష్ణాతీరం:

అందరికీ ధన్యవాదాలు. ఎర్రమందారం అక్కా, ‘డొఖ్’ గురించి మీరు చెప్పినది మా తరగతిలో అందరికీ చూపించాను. ఇంకొక సందేహం ఉంది. వినడంలోనే తేడా పట్టుకోలేని మాటల సంగతి ఏమిటి? ‘డ్రుకెన్’ అంటే ప్రింట్ తీయడమని, ‘డ్ర్యూకెన్’ అంటే నొక్కడమని తెలుసు, కానీ ఎదుటివారు వేగంగా అంటే ఏది అన్నారో పోల్చుకోలేకపోతున్నాను.

నెకార్ ఒడ్డు:

రెండు రకాల ధ్వనులను వేరుచేసి చూడాలి. ఒక రకంలో మనకు పెద్ద సదుపాయం ఉంది. తెలుగులో అ-ఆ, ఇ-ఈలతో పాటు ఎ-ఏ, ఒ-ఓ కూడా వేరువేరు అక్షరాలు. హిందీ మాతృభాషగా ఉన్న మిత్రులకు ఈ చివరి రెండు జంటలు లేవు. జర్మన్‌లో ‘బెట్’ అంటే మంచం, ‘బేట్’ అంటే పూలమడి. ‘ఒఫెన్’ అంటే తెరిచి ఉన్నది, ‘ఓఫెన్’ అంటే పొయ్యి. ‘ష్టట్’ అంటే నగరం, ‘ష్టాట్’ అంటే రాజ్యం. ‘మిటె’ అంటే మధ్యభాగం, ‘మీటె’ అంటే అద్దె. హ్రస్వదీర్ఘాలు పాటించే మన చెవికి ఇవి తేలిక. కొత్త మాటను తెలుగు లిపిలో రాసుకుంటే నిడివి మరచిపోరు.

రెండో రకం మనకు లేని అచ్చులు. నోటిలో నాలుకను ‘ఇ’ పలికే చోటే ఉంచి, పెదవులను మాత్రం ‘ఉ’ పలికినట్టు గుండ్రంగా చేయాలి. అప్పుడు వచ్చేదే ‘డ్ర్యూకెన్’లోని అచ్చు. తెలుగు లిపిలో ‘య’ వత్తు పెట్టి రాస్తున్నాం కానీ నిజానికి అందులో ‘య’ లేదు. ‘క్యోనెన్’లో కూడా అంతే, అక్కడ నాలుక ‘ఎ’ దగ్గర, పెదవులు ‘ఒ’ దగ్గర ఉండాలి. భూతకాలపు ‘కొంటె’కూ, ‘చేయగలరేమో’ అని మర్యాదగా అడిగే ‘క్యోంటె’కూ ఈ అచ్చే తేడా. ‘కంటె’ అంటే మాత్రం ‘కెనెన్’కు భూతరూపం. అద్దం ముందు కూర్చుని పెదవులను చూసుకుంటూ పలకండి, పలకగలిగిన ధ్వనిని చెవి దానంతట అదే పట్టుకుంటుంది.

మౌనవీధి:

ఒక సంగతి చేరుస్తాను. కొన్ని తేడాలను జర్మన్లే పాటించరు, వాటి గురించి మరీ ఆందోళన అక్కరలేదు. ‘డస్‌జెల్బె’ అంటే అదే వస్తువు, ‘డస్ గ్లైహె’ అంటే అలాంటిదే మరొకటి. ‘అక్క కట్టుకున్న చీరే చెల్లెలు కట్టుకుంది’, ‘అక్క కట్టుకున్న లాంటి చీరే చెల్లెలు కట్టుకుంది’ అనే తేడా అది. అలాగే ‘అన్‌షైనెంట్’ అంటే చూస్తే అలాగే ఉంది, బహుశా నిజమే. ‘షైన్‌బార్’ అంటే చూడటానికే అలా ఉంది, నిజం కాదు. సూర్యుడు భూమి చుట్టూ తిరగడం ‘షైన్‌బార్’. మాటల్లో చాలామంది కలిపేసినా, రాతలో ఈ తేడా పాటించేవారికి గౌరవం దక్కుతుంది.

ఎర్రమందారం:

రాతలో అంటే గుర్తొచ్చింది, చెల్లీ. మందుల చార్టులో, సూచనల్లో ‘డ్రైష్ట్యుండిగ్’, ‘డ్రైష్ట్యుంట్లిహ్’ వంటి రూపాలు కనబడినప్పుడు మాట చివర చూడు. ‘-ఇగ్’ ఉంటే మూడు గంటల పాటు సాగేదని, ‘-లిహ్’ ఉంటే మూడు గంటలకోసారి అని అర్థం. వారాలకూ ఇంతే: ‘త్స్వైవ్యోహిగ్’ అంటే రెండు వారాల శిక్షణ వంటిది, ‘త్స్వైవ్యోహెంట్లిహ్’ అంటే రెండు వారాలకోసారి జరిగేది. నోటితో చెప్పేటప్పుడు ‘అలె డ్రై ష్టుండెన్’, అంటే మూడు గంటలకోసారి అని విడమర్చి చెప్పడమే క్షేమం. మేమందరం అలాగే చెబుతాం.